మూడు జెర్సీల పాపాలీ



శోళవరం అనగానే పాతతరం ఆటల మనుషులకు కార్ల పందేలు గుర్తొస్తాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద ఏటా కార్లూ మోటారు సైకిళ్లూ దూసుకుపోతుంటే మద్రాసు నుంచి జనం తండోపతండాలుగా వచ్చేవారు. 1990 ప్రాంతంలో ఆ పందేలు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకి తరలిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం ఇంజనూ పెట్రోలూ అక్కర్లేని చెడుగుడు అలాగే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే ఇక్కడి కుర్రాళ్లకు ప్రో కబడ్డీ వచ్చాక ఒక చిక్కు వచ్చిపడింది. 2014లో తెలుగు టైటన్స్ జట్టు, 2017లో తమిళ్ తలైవాస్ జట్టు పుట్టాయి. ఈ రెండూ తలపడిన రాత్రి శోళవరం కుర్రాడు ఎవరి పక్షాన అరవాలి?

ఇక్కడ అది టీవీ ముందు కూర్చుని సరదాగా తేల్చుకునే వ్యవహారం. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల నుంచి వలసపోయిన కుటుంబాల పిల్లలకు మాత్రం అందులో జీతముంది, ఉద్యోగముంది, ఇంటి పరువుంది. ఆ చిక్కుముడిని ఒంటిమీద మోసిన ఒక బరువైన ఆటగాడి కథ ఇది. అతని పేరు జాష్ పాపాలీ. ఆట రగ్బీ లీగ్.

ముందు ఆట సంగతి చూద్దాం. రగ్బీ పేరుతో ప్రపంచంలో రెండు ఆటలున్నాయి. 15 మంది ఆడేది రగ్బీ యూనియన్, 13 మంది ఆడేది రగ్బీ లీగ్. ఒకే కడుపున పుట్టిన ఈ రెండూ విడిపోయింది డబ్బు దగ్గర. ఇంగ్లండ్ ఉత్తరాదిన బట్టల మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించమని అడిగారు. ఆటకు పైసలు పుచ్చుకోవడం పెద్దమనుషులకు తగదన్నారు పైస్థాయి దొరలు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూడబలుక్కుని వేరుకుంపటి పెట్టుకున్నాయి. అదే తరవాత రగ్బీ లీగ్ అయింది. 1908లో సిడ్నీలో పోటీలు మొదలయ్యాయి. అంటే ఇది కూలి తగువులో పుట్టిన ఆట. కష్టజీవుల పేటల్లో వేళ్లూనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆడే తీరు చెడుగుడు చూసినవాళ్లకు తేలిగ్గా పట్టుబడుతుంది. కూతకు వెళ్లినవాడు నలుగురైదుగురి చేతుల మధ్యకు ఒంటరిగా దూకినట్టే, ఇక్కడ బంతి పట్టినవాడు అవతలి ముగ్గురి మీదికి దూకుతాడు. వాళ్లు అతన్ని పట్టి నేలకు దించుతారు, అదే టాకిల్. దిగినవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. మళ్లీ ఆట మొదలు. ఇలా ఆరుసార్లు దించేలోపు గీత దాటించి బంతిని నేలకు తాకిస్తే 4 పాయింట్లు. దాటించలేకపోతే బంతి అవతలివాళ్లది. చెడుగుడులో తప్పించుకుని తన గీతకు తిరిగిరావాలి, ఇక్కడ ఆ తిరిగిరావడమే లేదు. పడటం ఖాయం. పడేలోపు ఎన్ని మీటర్లు ముందుకు తోసుకెళ్లాడన్నదే లెక్క.

ఈ తోసుకెళ్లే పని ఫార్వర్డ్‌లది. వాళ్లలోనూ 8, 10 నంబర్ల జెర్సీలు వేసుకునే ఇద్దరిని ప్రాప్‌లంటారు. జట్టు తన గీత దగ్గర ఇరుక్కుపోయినప్పుడు మొదటి రెండు మూడు పరుగులు వాళ్లే తీస్తారు. ఎదురుగా ఎవరున్నారో చూస్తూనే నేరుగా వాళ్లమీదికే పోతారు. మర్నాటి పత్రికల్లో ఫొటో పడేది మైదానం అంచున ఆడి, చివర్న గీత దాటిన వింగర్‌ది. ఆ వింగర్‌కు ఖాళీ దొరకడానికి కారణం, అంతకుముందు నాలుగుసార్లు ముగ్గురేసి మనుషుల్ని మీదికి లాక్కుని పడిపోయిన ప్రాప్. 80 నిమిషాల ఆటంతా ఇలా ఆడటం ఏ ఒంటికీ సాధ్యం కాదు. అందుకే ప్రాప్‌ను కాసేపు ఆడించి, బయట కూర్చోబెట్టి, ఊపిరి తిరిగాక మళ్లీ దించుతారు.

పాపాలీ 1992 మే 13న న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో పుట్టాడు. సమోవన్ కుటుంబం. అతని చిన్నప్పుడే వాళ్లు ఆస్ట్రేలియాకు మారి, బ్రిస్బేన్‌కు దక్షిణాన లోగన్‌లో స్థిరపడ్డారు. పసిఫిక్ దీవులవాళ్లు వేలమంది ఉండే ఊరది. 2011లో, ఇరవై నిండకముందే, ఆస్ట్రేలియా రాజధాని జట్టు కాన్బెరా రైడర్స్ తరఫున నేషనల్ రగ్బీ లీగ్‌లో దిగాడు. మొదట్లో ఆడింది రెండో వరుసలో. 110 కిలోలకు పైబడ్డ ఒళ్లు, దానికి పొంతన లేని వేగం. పెద్ద ఒళ్లున్నవాళ్లు చాలామంది ఉంటారు, వేగమున్నవాళ్లూ ఉంటారు. రెండూ ఒకేచోట దొరికితే ఎదుటివాడికి ఏం చేయాలో పాలుపోదు.

2013 అతనికి ఒక్క ఏడాదిలో నాలుగేళ్ల బతుకు చూపించింది. సిడ్నీ పశ్చిమాన ఉన్న పారమాటా క్లబ్బుతో తరవాతి సీజనుకు ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అప్పటి నిబంధనల ప్రకారం సీజను మధ్యదాకా మనసు మార్చుకునే వెసులుబాటు ఉండేది. మార్చుకున్నాడు. కాన్బెరాలోనే ఉండిపోయాడు. పారమాటా అభిమానులు చాన్నాళ్లు మరిచిపోలేదు. అదే ఏడాది క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్టుకు, తరవాత ఆస్ట్రేలియా జట్టుకు ఆడాడు. ఆ ఏడాది చివర ప్రపంచకప్పు గెలిచిన ఆస్ట్రేలియా బృందంలో ఉన్నాడు. పుట్టింది న్యూజీలాండ్, ఇంటిపేరు సమోవాది, ఒంటిమీద ఆస్ట్రేలియా జెర్సీ. అప్పటికి అతనికి 21 ఏళ్లు.

సమోవన్ కుటుంబాలు ఆక్లండ్‌కు ఎందుకు చేరాయన్నది చెప్పుకోకపోతే ఈ కథ సగమే. సమోవా ఒకప్పుడు జర్మనీ వలస. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే న్యూజీలాండ్ సైన్యం దాన్ని ఆక్రమించింది. 1918లో తలూన్ అనే ఓడ ఆక్లండ్ నుంచి ఇన్‌ఫ్లుయెంజాను మోసుకొచ్చింది. క్వారంటైన్ లేకుండానే జనాన్ని దించారు. దీవుల జనాభాలో దాదాపు ఐదోవంతు కొద్ది వారాల్లో చనిపోయారు. 1962 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తరవాతి దశాబ్దాల్లో న్యూజీలాండ్ ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చి దీవులవాళ్లను రమ్మన్నారు. 1970లలో ఆర్థిక వ్యవస్థ కుంటుపడగానే వీసా గడువు దాటినవాళ్ల కోసం తెల్లవారుజామున పోలీసులు తలుపులు తట్టారు. ఆ దాడులకు 2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆక్లండ్‌లో క్షమాపణ చెప్పారు. తలూన్ ఓడ కాలపు తప్పులకు 2002లోనే మరో ప్రధాని హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పి ఉన్నారు. రమ్మన్నదీ ఆ దేశమే, పొమ్మన్నదీ ఆ దేశమే, క్షమించమన్నదీ ఆ దేశమే.

ఈ రోజు సమోవా జనాభా సుమారు 2 లక్షలు. న్యూజీలాండ్‌లో తమను సమోవన్లుగా చెప్పుకునేవాళ్లూ దాదాపు అంతే. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు వేరే లెక్క. ఈ రెండు దేశాల నుంచి ఇంటికి పంపే డబ్బు సమోవా దేశ ఆదాయంలో పెద్ద వాటా. నేషనల్ రగ్బీ లీగ్‌లో ఆడేవాళ్లలో దాదాపు సగం మందికి పసిఫిక్ దీవుల మూలాలున్నాయి.

ఇక్కడ ఒక తేలిక మాట వినిపిస్తుంది. వాళ్ల ఒళ్లే అంత, పుట్టుకతోనే ప్రాప్‌లు అంటారు వ్యాఖ్యాతలు. ఆ మాట చాలా విషయాలు దాచిపెడుతుంది. పన్నెండేళ్లకే పెద్దగా ఎదిగిన కుర్రాణ్ణి కోచ్ చూడగానే ముందువరుసలో నిలబెడతాడు. బంతి పంచే తెలివి వాడికి ఉందో లేదో ఎవరూ పరీక్షించరు. సిడ్నీ పశ్చిమ పేటల్లో, లోగన్‌లో, దక్షిణ ఆక్లండ్‌లో ఉన్న తల్లిదండ్రులు రాత్రిపూట షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. మంచి జీతానికి ఆ పేటల పిల్లలకు కళ్ల ముందు కనిపించే దారి ఈ ఆట. ఒళ్లు ఎంత నిజమో ఈ లెక్క కూడా అంత నిజం. పెన్రిత్ జట్టులో ఆట నడిపించే స్థానంలో ఆడి వరస కప్పులు గెలిచిన జరోమ్ లువాయి కూడా సమోవన్ కుటుంబం వాడే. అతను ప్రాప్ కాదు, ఎత్తరీ కాదు.

పాపాలీ మాత్రం ఆటజీవితం మధ్యలో ప్రాప్ అయ్యాడు. కోచ్ రికీ స్టువర్ట్ అతన్ని రెండో వరుస నుంచి ముందుకు జరిపాడు. ఈ మార్పు వినడానికి చిన్నది, ఆడేవాడికి పెద్దది. రెండో వరుసలో ఖాళీ చూసి పరుగెత్తవచ్చు. ప్రాప్‌కు ఖాళీ ఉండదు, ఉంటే అది అతని పని కాదు. 2019 సెప్టెంబరు 27న కాన్బెరాలో సౌత్ సిడ్నీతో సెమీఫైనల్ లాంటి మ్యాచ్. చివరి అంకంలో గీతకు కాస్త దూరంలో బంతి అందుకున్న పాపాలీ ఎదుట ఉన్నవాళ్లను తోసుకుంటూ గీత దాటేశాడు. 16–10తో గెలిచి కాన్బెరా 25 ఏళ్ల తరవాత ఫైనల్ చేరింది. అక్టోబరు 6న సిడ్నీ రూస్టర్స్ చేతిలో 14–8తో ఓడింది. 8–8 దగ్గర రెఫరీ మళ్లీ ఆరు టాకిళ్లు అని చేయి ఊపి, వెంటనే కాదని మార్చుకున్న ఆ క్షణం గురించి కాన్బెరావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదనలో న్యాయం ఉంది కూడా.

ఇప్పుడు జెర్సీల దగ్గరికి వద్దాం.

ఆస్ట్రేలియాలో ఏడాదికి మూడు మ్యాచ్‌ల స్టేట్ ఆఫ్ ఆరిజిన్ జరుగుతుంది. క్వీన్స్‌లాండ్‌కూ న్యూసౌత్‌వేల్స్‌కూ మధ్య పోటీ. 1980లో ఈ పద్ధతి మొదలైంది. ప్రపంచకప్పు కంటే దీన్నే ఎక్కువమంది చూస్తారంటే అతిశయోక్తి కాదు. ఒక్క మ్యాచ్ ఆడితే ఆటగాడికి 30 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. దాంతో పోలిస్తే సమోవా తరఫున ఆడితే వచ్చేది దారిఖర్చు లాంటిది. పైగా చాలాకాలం ఆరిజిన్ ఆడాలంటే ఆస్ట్రేలియాకే కట్టుబడాలన్న నిబంధన ఉండేది. ఇంట్లో పెద్దవాళ్లకు నీలం సమోవా జెర్సీ మీద ఎంత ప్రేమ ఉన్నా, తమ్ముళ్ల ఫీజులు కట్టేది మాత్రం ఆరిజిన్ జెర్సీ. ప్రేమ లేక సమోవాకు ఆడలేదని ఆ తరం ఆటగాళ్లను నిందించడం అన్యాయం.

నిబంధన మెల్లగా సడలింది. పెద్ద దేశానికి ఆడినవాళ్లు చిన్న దేశానికీ ఆడవచ్చు, ఆరిజిన్ పోగొట్టుకోకుండానే ఆడవచ్చు అన్నారు. 2017లో జేసన్ తౌమలోలో, ఆండ్రూ ఫిఫిటా వంటి పేరున్నవాళ్లు న్యూజీలాండ్‌నూ ఆస్ట్రేలియానూ కాదని టోంగాకు వెళ్లారు. ఆ ఏడాదే పాపాలీ సమోవా తరఫున ప్రపంచకప్పు ఆడాడు. ఫలితం ఘోరం. సమోవా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. స్కాట్లండ్‌తో 14–14 డ్రా చేసుకుని ఎలాగో క్వార్టర్‌ఫైనల్ చేరి, డార్విన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 46–0తో చిత్తయింది. 2019లో పాపాలీ మళ్లీ ఆస్ట్రేలియా జెర్సీ వేసుకున్నాడు. అవకాశవాది అన్నవాళ్లున్నారు. నిబంధనే రెండు తలుపులు తెరిచిపెట్టినప్పుడు రెండు గదుల్లోకీ వెళ్లినవాణ్ణి తప్పుపట్టడమెందుకో అర్థం కాదు.

2022 అక్టోబరు 2న సిడ్నీలో లీగ్ ఫైనల్. పెన్రిత్ 28–12తో పారమాటాను ఓడించింది. ఓడిన పారమాటా కెప్టెన్లలో ఒకడు జూనియర్ పౌలో. అతనూ ఆక్లండ్‌లో పుట్టి సిడ్నీలో పెరిగిన సమోవన్ ప్రాపే. గెలిచిన పెన్రిత్‌లో లువాయి, బ్రయాన్ తో'ఓ, స్టీఫెన్ క్రైటన్, స్పెన్సర్ లెనియు ఉన్నారు. రెండు వారాలు తిరక్కుండానే వీళ్లంతా ఇంగ్లండ్‌లో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో, నీలం జెర్సీల్లో తేలారు. కెప్టెన్ పౌలో. పక్కన 8వ నంబరు పాపాలీ.

అక్టోబరు 15న న్యూకాసిల్‌లో తొలి మ్యాచ్. ఇంగ్లండ్ 60, సమోవా 6. ఆరిజిన్ ఆడినవాళ్లు, కప్పులు గెలిచినవాళ్లు అంతమంది ఉండి 60 పాయింట్లు ఇచ్చుకోవడం చూసి విలేకరులు వ్యంగ్యం దాచుకోలేదు. కలిసి సాధన చేసే వ్యవధే దొరకలేదన్నది నిజమే, కానీ 60కి అది సాకు కాదు. తరవాత గ్రీస్‌నూ ఫ్రాన్స్‌నూ భారీ తేడాతో ఓడించారు. క్వార్టర్‌ఫైనల్లో పక్కింటి టోంగాపై 20–18తో బతికి బయటపడ్డారు. నవంబరు 12న లండన్ ఎమిరేట్స్ స్టేడియంలో సెమీఫైనల్, మళ్లీ ఇంగ్లండే. నిర్ణీత సమయానికి 26–26. అదనపు సమయంలో ముందు ఎవరు పాయింటు తెస్తే వాళ్లదే గెలుపు. క్రైటన్ కాలితో తన్నిన బంతి కర్రల మధ్య నుంచి పోయింది. 27–26. ఈ జట్టులో చాలామంది ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో పుట్టినవాళ్లు. క్రైటన్ మాత్రం సమోవా రాజధాని ఆపియాలోనే పుట్టాడు.

ఆ వారం ఆపియా వీధుల్లో, సిడ్నీ, ఆక్లండ్, బ్రిస్బేన్ పేటల్లో కార్ల మీద జెండాలు కట్టుకుని ఊరేగింపులు తీశారు. నవంబరు 19న మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫైనల్. చిన్న పసిఫిక్ ద్వీపదేశం ఒకటి రగ్బీ లీగ్ ప్రపంచకప్పు ఫైనల్ ఆడటం అదే మొదలు. ఆటకు ముందు సమోవన్లు తమ యుద్ధనృత్యం సివా తావు చేశారు. పాపాలీ తొమ్మిదేళ్ల కిందట ఏ జట్టు కప్పెత్తుకున్నప్పుడు అందులో ఉన్నాడో, అదే ఆస్ట్రేలియా ఇప్పుడు ఎదురుగా నిలబడింది. 30–10తో ఆస్ట్రేలియా గెలిచింది. తేడా స్పష్టంగానే ఉంది, సాకులేమీ లేవు.

మనవాళ్లలో ఇలాంటి వరస ఉందా అని వెతికితే కల్నల్ సి.కె. నాయుడు కనిపిస్తారు. కుటుంబం మచిలీపట్నం వైపుది, పుట్టింది 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో. ఇందోరు హోల్కర్ జట్టుకు ఆడారు, 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్ అయ్యారు. 1953–54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి దిగినప్పుడు, అరవైకి దగ్గరపడిన వయసులో ఆ జట్టు పక్షానా బ్యాటు పట్టారు. పూర్వీకుల ప్రాంతపు జెర్సీ ఆయనకు చివర్లో దొరికింది. తిరుత్తణివాళ్ల సంగతి దీనికి తలకిందులు. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. రాత్రి ఆంధ్రలో పడుకున్నవాళ్లు తెల్లారి మద్రాసు రాష్ట్రంలో లేచారు. ఆ మర్నాడు రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్లదలచిన కుర్రాడు ఎటు రైలెక్కి ఉంటాడో!

మళ్లీ పాపాలీ దగ్గరికి. ప్రాప్‌ల ఆటజీవితం సాధారణంగా ముప్ఫై దాటి ఎక్కువ సాగదు. మోకాళ్లు, భుజాలు ముందు చెబుతాయి. తల సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. తలదెబ్బల ప్రమాదం తెలిసివచ్చాక, 2023 నుంచి, కంకషన్ అని తేలిన ఆటగాణ్ణి కనీసం 11 రోజులు పక్కన పెట్టాలన్న నియమం తెచ్చారు. ముందు తరాలవాళ్లకు తల తిరుగుతుంటే ఘాటైన మందు వాసన చూపించి మళ్లీ మైదానంలోకి పంపేవారు. ఇన్ని వందల మ్యాచ్‌లలో ముగ్గురేసి మనుషుల్ని ఢీకొట్టిన ఒళ్లు పాపాలీది. 2025లో అతను కాన్బెరా తరఫున అత్యధిక మ్యాచ్‌లు ఆడిన వాడయ్యాడు. అంతకుముందు రికార్డు జేసన్ క్రోకర్‌ది, 318 మ్యాచ్‌లు. ఆ సీజనులో లీగ్ పట్టికలో కాన్బెరాదే మొదటి స్థానం, అయినా ఫైనల్ దాకా రాలేకపోయింది.

అదే ఏడాది జూలైలో ఇంకొకటి జరిగింది. రాష్ట్ర జట్టుకు దూరమై కొన్నాళ్లయిన పాపాలీని 33 ఏళ్ల వయసులో క్వీన్స్‌లాండ్ మళ్లీ పిలిచింది. సిరీస్ 1–1, మూడో మ్యాచ్ సిడ్నీలో. ముసలివాణ్ణి తెచ్చారని న్యూసౌత్‌వేల్స్ అభిమానులు నవ్వుకున్నారు. క్వీన్స్‌లాండ్ 24–12తో గెలిచి సిరీస్ పట్టుకుపోయింది.

ఆ తరవాతి నెలల్లో అందరి కళ్లూ పడింది మరో ప్రాప్ మీద. పేన్ హాస్. బ్రిస్బేన్ జట్టు ఆటగాడు, అప్పటిదాకా ఆస్ట్రేలియాకు ఆడినవాడు, లీగ్‌లోనే మేటి ఫార్వర్డ్ అని చాలామంది అంటారు. 2025 పసిఫిక్ చాంపియన్‌షిప్స్‌కు సమోవాను ఎంచుకున్నాడు. పదేళ్ల కిందట ఈ స్థాయి ఆటగాడు ఇలా చేస్తే మతిపోయిందనేవారు. ఈసారి వార్త వచ్చింది, చర్చ జరిగింది, వారంలో సద్దుమణిగింది. సమోవా ఆ టోర్నీ ఫైనల్ చేరి న్యూజీలాండ్ చేతిలో ఓడింది.

తరవాతి ప్రపంచకప్పు 2026 అక్టోబరు, నవంబరుల్లో ఆస్ట్రేలియాలో, కొన్ని మ్యాచ్‌లు పాపువా న్యూగినీలో. అక్కడి సాయంత్రం మనకు మధ్యాహ్నం. కాబట్టి నిద్ర చెడగొట్టుకోకుండానే చూడొచ్చు. సమోవా మ్యాచ్ తగిలితే మొదటి పది నిమిషాలు బంతి వెంట పోకుండా 8, 10 నంబర్లవాళ్లను చూడండి. నేలనుంచి లేచేటప్పుడు ఎంత సేపు పడుతున్నదో, లేచి వరుసలోకి పరుగెడుతున్నారో నడుస్తున్నారో గమనించండి. ఏ జట్టు గెలుస్తుందో స్కోరుబోర్డు కంటే ముందు వాళ్ల కాళ్లే చెప్పేస్తాయి.